ఇంకో 100 పాయింట్లు కొనాలా, అద్దెకు ఉంటే సరిపోదా?

ఈ సంక్రాంతికి మా అక్కా బావా ఒంగోలు నుంచి, మేనల్లుడు పెళ్లాం పిల్లలతో డాలస్ నుంచి, అందరూ నెల్లూరులో మా ఇంటికే వచ్చారు. కనుమ నాడు భోజనాలై ఆడవాళ్లు ముందు గదిలో కబుర్లలో ఉండగా, మేనల్లుడు ఫోన్ పట్టుకుని డాబా మీదికి వచ్చాడు. "మామయ్యా, ఒక లెక్క చూసిపెట్టు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆడిటరు ఆఫీసులో లెక్కలు రాస్తున్నవాణ్ణి కాబట్టి, మా ఇంట్లో ఎవరు సంతకం పెట్టాల్సి వచ్చినా కాగితం ముందు నా చేతికే వస్తుంది.

వాడి సమస్య ఇది. ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గర డిస్నీవాళ్ల వెకేషన్ క్లబ్ అని ఉంది, ఒకసారి డబ్బు కట్టి చేరితే, ఏటా వచ్చే పాయింట్లతో వాళ్ల రిసార్టుల్లో గదులు తీసుకోవచ్చు. అందులో వాడికి ఏటా 150 పాయింట్లు వస్తాయి. ఈ నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి అమ్మానాన్నల్ని, అత్తమామల్ని కూడా తీసుకుపోవాలని వాడి కోరిక. నలుగురు పెద్దవాళ్లు, వాళ్లిద్దరు, ఇద్దరు పిల్లలు, మొత్తం ఎనిమిది మంది. రెండు బెడ్‌రూముల విల్లా కావాలి. వాడు చూసిన పట్టిక ప్రకారం ఆ రోజుల్లో రాత్రికి 42 పాయింట్లు పడతాయి. ఆరు రాత్రులకి 252. ఉన్నవి 150. సేల్స్ మనిషి ఫోన్ చేసి, ఇంకో 100 పాయింట్లు కొనేయండి, ఇక ఎప్పటికీ కొరత ఉండదు అన్నాడట. 20,000 డాలర్లు.

లెక్కలోకి పోయే ముందు పాయింటు అంటే ఏమిటో తేల్చుకోవాలి. చాలామంది తడబడేది అక్కడే.

మన నెల్లూరులో స్థలం అంకణాల్లో కొంటాం. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు పోతే అదే అంకణం 36 చదరపు అడుగులే. మాట ఒకటే, కొలత సగం. అక్కడ స్థలం కొనబోయిన నెల్లూరు మనిషి ముందు ఆ సంగతి అడిగి తెలుసుకోకపోతే మోసపోతాడు. పాయింటు కూడా ఇలాంటి మాటే, కాకపోతే దాని కొలత ఊరిని బట్టే కాదు, తేదీని బట్టి, గదిని బట్టి, కిటికీలోంచి కనిపించే దాన్ని బట్టి కూడా మారుతుంది. సెప్టెంబరులో చిన్న గదికి వారం రోజులు వచ్చే పాయింట్లు, క్రిస్మస్‌కి పెద్ద విల్లాలో రెండు రాత్రులకే అయిపోవచ్చు. పట్టిక రాసేది కంపెనీ. డిస్నీ విషయంలో ఒక రిసార్టుకి ఏడాది మొత్తానికి కేటాయించిన పాయింట్లు పెంచకూడదనే కట్టుబాటు ఉంది. కానీ ఒక సీజన్లో తగ్గించి ఇంకో సీజన్లో పెంచే వీలు వాళ్లకుంది. అందుకని "నాకు 150 పాయింట్లు ఉన్నాయి" అన్న మాటకి దానంతట అదిగా అర్థం లేదు. "నేను వెళ్లే రోజుల్లో, నాకు కావలసిన గదిలో ఎన్ని రాత్రులు?" అని అడిగితేనే అర్థం వస్తుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. స్విట్జర్లాండులో హాపిమాగ్ అనే కంపెనీ 1963లోనే మొదలైంది. ఒకరి వారం ఇంకొకరితో మార్చుకునే ఆర్‌సీఐ అమెరికాలో 1974లో వచ్చింది. మన దేశంలో స్టెర్లింగ్ 1986లో, మహీంద్రా హాలిడేస్ 1996లో మొదలయ్యాయి. డిస్నీ క్లబ్ 1991 నాటిది. మొదట్లో టైమ్‌షేర్ అంటే ఏటా ఫలానా వారం, ఫలానా గది. అందరికీ అదే వారం కుదరదు కాబట్టి పాయింట్లు వచ్చాయి. వాటితో వెసులుబాటు పెరిగింది. దాంతో పాటు, ఎప్పుడూ ఏవో కొన్ని పాయింట్లు తక్కువ పడటం కూడా మొదలైంది. 'ఇంకొన్ని కొనండి' అనే ఫోన్లు వచ్చేది ఆ తక్కువ దగ్గరే.

ఇక సేల్స్ మనిషి వాడికి చెప్పిన లెక్క. పాయింటు 200 డాలర్లు, ఒప్పందం ఇంకో 40 ఏళ్లు. అంటే ఏడాదికి పాయింటుకి 5 డాలర్లు. ఏటా కట్టే మెయింటెనెన్స్ పాయింటుకి 9 అనుకుందాం. కలిపితే 14. అదే పాయింటు ఇంకో సభ్యుడి దగ్గర అద్దెకు తీసుకుంటే, అంటే ఆయన తన పాయింట్లతో మనకి గది బుక్ చేసిపెడితే, 20 అనుకుందాం. ఆరు డాలర్లు మిగులుతుంటే అద్దెకు ఎందుకు పోతారు అన్నాడట. మేనల్లుడికి ఇది సబబుగానే తోచింది. మొదట చూసినప్పుడు నాకూ తోచింది.

కానీ 20,000 డాలర్లు ఈ రోజే చేతిలోంచి పోతాయి. ఆ డబ్బు ఇంకెక్కడైనా ఉంటే ఎంతో కొంత సంపాదిస్తుంది. ఏడాదికి 5 శాతమే వస్తుందనుకున్నా, 20,000 అసలూ వడ్డీ కలిపి 40 ఏళ్లకి సర్దితే ఏటా 1,165 డాలర్లు అవుతుంది. పాయింటుకి 11 డాలర్ల 65 సెంట్లు. దానికి మెయింటెనెన్స్ 9 కలిపితే 20 డాలర్ల 65 సెంట్లు. అద్దె 20. ఆరు డాలర్ల లాభం ఎగిరిపోయి, పైన 65 సెంట్లు నష్టం వచ్చింది. ఆ 20,000 వాళ్లిచ్చే అప్పుతో 12 శాతం వడ్డీకి పదేళ్ల వాయిదాల్లో కడితే, నెలకి 287 డాలర్ల చొప్పున మొత్తం 34,400 దాటుతుంది. ఇక అద్దెతో పోలికే ఉండదు.

కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట కూడా చెప్పాలి, లేకపోతే లెక్క ఏకపక్షం అవుతుంది. అద్దె ఎప్పుడూ 20 దగ్గరే ఆగదు. మెయింటెనెన్స్ పెరిగినట్టే అదీ పెరుగుతుంది. కొన్నవాడికి ఆ 11 డాలర్ల 65 సెంట్లు మాత్రం పెరగవు. కాబట్టి ఏటా తప్పకుండా వెళ్లేవాడికి, ఏళ్లు గడిచేకొద్దీ కొన్నదే చవకవుతుంది. ఇది నిజమైన లాభమే. కానీ అది 'ఏటా తప్పకుండా' అన్న రెండు మాటల మీద నిలబడి ఉంది. మూడేళ్లలో ఒక్క ఏడాది వాటా వాడకుండా పోతే, వాడిన పాయింటు ఒక్కొక్కటి 31 డాలర్లు పడుతుంది. మెయింటెనెన్స్ ఏటా 4 శాతం పెరిగితే 18 ఏళ్లకి రెట్టింపవుతుంది, అప్పటికి మేనల్లుడికి అరవై దగ్గర పడతాయి. అప్పుడు కూడా ఏటా ఓర్లాండో వెళ్తాడా అని అడిగితే వాడు నవ్వి, "పిల్లలు కాలేజీకి పోయాక ఎవరు పోతారు మామయ్యా" అన్నాడు. 40 ఏళ్ల లెక్క అక్కడే సగానికి పడిపోయింది.

వాడికి నేను చూపించిన ఇంకో అంకె ఉంది. అన్నిటికన్నా అదే వాడికి తగిలింది. ఆ 100 పాయింట్లు ఈ ఒక్కసారికి అద్దెకు తీసుకుంటే 2,000 డాలర్లు. కొంటే, కొన్న ధర పక్కన పెట్టినా, మెయింటెనెన్సే ఏడాదికి 900. అంటే రెండేళ్ల మూడు నెలల మెయింటెనెన్స్ డబ్బుతో ఈ అవసరం దాదాపుగా తీరిపోతుంది. ఒక్క ఏడాది అవసరానికి నలభై ఏళ్ల బాధ్యత తలకెత్తుకోవాల్సిన పని ఏముంది?

మా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు వేసేవాళ్లకి ఇది కొత్త కాదు. ఒక పంటకి ధర బాగా పలికిందంటే పక్క గుంట మీద మనసు పోతుంది. మా పెదనాన్న కొడుకు అలాంటప్పుడు ముందు లీజుకే తీసుకునేవాడు. రెండు పంటలు వరసగా తీసి, నీళ్లు, కరెంటు, మనుషులు అన్నీ రెండో గుంటకి కూడా సరిపోతాయని తేలాక గాని కొనుగోలు మాట ఎత్తేవాడు కాదు. లీజు డబ్బు దండగ కదా అంటే, "ఆ డబ్బుతో నాకు చాలతుందో లేదో తెలుసుకుంటన్నా అబ్బయా" అనేవాడు. పాయింట్లు అద్దెకు తీసుకోవడం కూడా ఆ లీజు లాంటిదే. మూడేళ్లు వరసగా అద్దెకు తీసుకోవాల్సి వచ్చిందంటే అవసరం నిజమే అన్నమాట.

మేము ఇలా మాట్లాడుకుంటుండగా బావ డాబా మీదికి వచ్చారు. కాసేపు విని, కిందికి వెళ్లి, సంచిలోంచి ఒక ప్లాస్టిక్ ఫోల్డరు తెచ్చారు. ఆయన కాగితాలన్నీ నాకు చూపించాలనే ఒంగోలు నుంచి తెచ్చుకున్నారు. 2011లో ఒక హాలిడే కంపెనీ దంపతులిద్దర్నీ హోటల్లో విందుకి పిలిచింది. లక్కీ డ్రాలో పేరు వచ్చిందన్నారు. రెండు గంటలు కూర్చోబెట్టి, ఆ రాత్రి సంతకం పెడితేనే ఈ ధర అన్నారు. 4 లక్షలు, 25 ఏళ్లు, ఏటా ఏడు రాత్రులు, స్టూడియో గది, అంత గిరాకీ లేని సీజన్. ఏడాది చందా అప్పట్లో 12 వేలు, ఇప్పుడు పన్నుతో కలిపి 24 వేలు.

ఆయన పాస్‌బుక్కు ముందేసుకుని కూర్చున్నాం. పద్నాలుగేళ్లలో చందా కట్టింది 2,52,000. కొన్న ధరలో ఈ పద్నాలుగేళ్ల వంతు 2,24,000. మొత్తం 4,76,000. వెళ్లింది ఎనిమిది సార్లు. ఒకసారి నాలుగు రాత్రులు, ఒకసారి ఆరు, అన్నీ కలిపి నలభై. అంటే రాత్రికి 11,900 రూపాయలు, భోజనం కాకుండా. అక్క అది విని కాసేపు మాట్లాడలేదు. "ఊటీలో ఆ గదిలో వేణ్ణీళ్లకి రెండుసార్లు ఫోన్ చెయ్యాల్సొచ్చింది" అంది తర్వాత.

అదే సభ్యత్వంతో ఏటా ఏడు రాత్రులూ వాడుకునుంటే 98 రాత్రులు. అప్పుడు రాత్రికి 4,857 పడేది. కొండ ప్రాంతంలో ఒక మాదిరి హోటలు గదికి అది తప్పుడు ధరేమీ కాదు. పథకం అదే, ధర రెండింతలు దాటి తేడా వచ్చింది, వాడకం వల్ల. బావ వెళ్లకపోవడం ఆయన సోమరితనం కాదు. ఆయన బడి పంతులు, సెలవులు వేసవిలోనే. ఆయన కొన్న సీజన్లో వేసవి లేదు. ఖాళీ ఉన్న రోజుల్లో అడిగితే గది లేదనేవారు, గది ఉన్న రోజుల్లో ఆయనకి బడి ఉండేది. ఇది కొనేటప్పుడే తెలుసుకోదగ్గ సంగతి. ఆయనకి అప్పుడు చెప్పేవాళ్లు లేకపోయారు, నేనూ అడగలేదు, ఆ బాధ నాకు ఉంది.

ఇప్పుడు అదే కంపెనీ, 3 లక్షలు కడితే వేసవి కూడా వచ్చే స్థాయికి మారుస్తామంటోంది. మిగిలింది 11 ఏళ్లు. ఏడాదికి 27,272. ఆయన తీరున రెండేళ్లకోసారి వెళ్తే ఒక్కో ప్రయాణానికి 54,500 అదనం. ఐదు రాత్రులకి పంచితే రాత్రికి 10,900. ఇది పాత చందా మీద పైపెచ్చు. ఆ డబ్బుతోనే మే నెల మధ్యలో కొడైకెనాల్లో మంచి గది దొరుకుతుంది, చందా తలనొప్పి లేకుండా. పైగా ఆయన ఇప్పుడు రిటైరయ్యారు. జూలైలోనో సెప్టెంబరులోనో వెళ్లచ్చు. ఉన్న సీజనే సరిపోతుంది. ఇన్నేళ్లూ పనికిరాని సభ్యత్వం పనికొచ్చే రోజులు వచ్చాక, దాన్ని ఇంకా డబ్బు పోసి మార్చుకోవడం నాకు నచ్చలేదు.

మన దగ్గర 'అద్దె' అంటే ఏమిటో కూడా చెప్పాలి. అమెరికాలో సభ్యులు తమ పాయింట్లతో గది బుక్ చేసి ఇంకొకరికి అద్దెకిచ్చే అలవాటు బాగా ఉంది, దానికి మధ్యవర్తులు కూడా ఉన్నారు. ఇక్కడ అద్దె అంటే మామూలు హోటలు గదో, హోమ్‌స్టేనో. పోలిక కూడా దానితోనే పెట్టాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతమే. అంతకు ముందు 12 ఉండేది. సభ్యత్వపు చందా మీద 18 శాతం. పాత పోలిక పట్టికలు చూపించి ఎవరైనా మాట్లాడితే, ఈ తేడా అందులో కలిపారో లేదో చూసుకోండి.

అద్దెలోనూ చిక్కులున్నాయి. ఫ్లోరిడాలో వేరే సభ్యుడి దగ్గర తీసుకుంటే బుకింగ్ ఆయన ఖాతాలోనే ఉంటుంది. రద్దు చేసే అధికారం ఆయనది. ఆయన మెయింటెనెన్స్ బాకీ పడితే మన ప్రయాణం మీదికి రావచ్చు. డబ్బు ముందే కట్టాలి, మనం మానుకుంటే చాలాసార్లు తిరిగి రాదు. అరవై ఐదేళ్ల తల్లిదండ్రుల్ని ఒంగోలు నుంచి అంత దూరం తీసుకుపోతున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. వీసాలోనో, ఆరోగ్యంలోనో ఏదైనా అడ్డం రావచ్చు. సొంత పాయింట్లతో చేసుకున్న బుకింగ్‌ని సకాలంలో రద్దు చేసుకుంటే పాయింట్లు వెనక్కి వస్తాయి. ఈ నిబ్బరానికి కొంత ఎక్కువ పెట్టినా తప్పులేదంటాను. ఇంకోటి, సొంత రిసార్టులో, అంటే పాయింట్లు కొన్న రిసార్టులో, సభ్యుడు 11 నెలల ముందే గది పట్టుకోవచ్చు, మిగతా రిసార్టుల్లో 7 నెలల ముందు నుంచే. పండగ రోజుల్లో ఆ నాలుగు నెలల తేడా చాలా పెద్దది. ఆలస్యంగా అద్దెకు వెతికేవాడికి మిగిలినవే దొరుకుతాయి.

మరి కొనడం ఎవరికి సరైనది? మూడు నాలుగేళ్లుగా ఉన్న పాయింట్లన్నీ అయిపోయి, ఏటా పైన అద్దె కడుతూ వచ్చినవాళ్లకి. చేతిలో డబ్బుండి అప్పు అక్కర్లేనివాళ్లకి. వాళ్లు కూడా కంపెనీ దగ్గరే కొననక్కర్లేదు, వేరే సభ్యులు వదిలించుకునే పాయింట్లు రీసేల్లో బాగా తక్కువకి వస్తాయి. అయితే 2019 జనవరి 19 నుంచి రీసేల్లో కొన్న పాత రిసార్టుల పాయింట్లు రివియేరా లాంటి కొత్త రిసార్టుల్లో చెల్లవని డిస్నీ నిబంధన పెట్టింది. ఒప్పందం ఎన్నేళ్లకి ముగుస్తుందో కూడా రిసార్టును బట్టి వేరు. మొదటి రిసార్టైన ఓల్డ్ కీ వెస్ట్‌లో పొడిగింపు తీసుకోని ఒప్పందాలు 2042 జనవరి చివర ముగుస్తాయి. చవకగా కనిపించేదానికి చాలాసార్లు కారణం అదే, ఏళ్లు తక్కువ మిగిలి ఉండటం.

సంతకం పెట్టి ఇంటికొచ్చి మనసు మారితే ఫ్లోరిడా చట్టం పది రోజులు గడువు ఇస్తుంది, ఆ లోపు రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. అది దాటితే బాధ్యత ఒప్పందం ముగిసేదాకా. మెయింటెనెన్స్ ఎగ్గొడితే ఆ వాటా జప్తు అవుతుంది, క్రెడిట్ రికార్డు దెబ్బతింటుంది. మన దగ్గర ఒప్పందంలో ఎన్ని రోజుల గడువు రాశారో మొదటి రాత్రే చదవాలి. నోటితో చెప్పింది ఒకటి, కాగితం మీద ఇంకొకటి ఉంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, ఒంగోలు మనిషి ఒంగోలు వినియోగదారుల కమిషన్‌కే పోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి చెప్పినా కొన్ని అక్కడే తేలిపోతాయి. బావ విషయంలో ఆ రెండేళ్లు ఎప్పుడో దాటిపోయాయి.

పొద్దు వాలుతుండగా మళ్లీ మేనల్లుడి లెక్కకి వచ్చాం. ఖాతా తెరవమన్నాను. పోయిన ఏడాది వాడనివి 30 పాయింట్లు గడువు దాటిపోయి పోయాయని అందులో ఉంది. మిగిలిన పాయింట్లు తర్వాతి ఏడాదికి దాచుకోవాలంటే వాడి పాయింట్ల ఏడాది మొదలైన ఎనిమిది నెలల్లోపే చెప్పాలట, వాడు మర్చిపోయాడు. 30 పోగొట్టుకున్నవాడు 100 కొనబోయాడు. వాడి ముఖం చిన్నబోయింది గాని నేను ఆ మాట పొడిగించలేదు.

తర్వాత, వచ్చే ఏడాది పాయింట్ల నుంచి ముందే వాడుకునే వీలుందా అని చూశాం. ఉంది. ఒకసారి తెచ్చుకుంటే తిరిగి ఇవ్వడం కుదరదు, అందుకని వచ్చే ఏడాది అవసరం ముందే తేల్చుకోవాలి. పిల్లల మార్చి సెలవులకి చిన్న గది చాలు, 90 పాయింట్లు. అంటే 60 ముందుకి తెచ్చుకోవచ్చు. 150కి 60 కలిపితే 210. ఐదు రాత్రులకి సరిగ్గా సరిపోతుంది. ఆరో రాత్రి ఏది అని చూస్తే, అది వాళ్లు దిగే రాత్రి. విమానం ఓర్లాండో చేరేది పదకొండున్నరకి. సామాను తీసుకుని, నలుగురు పెద్దవాళ్లని కారెక్కించి, పడుకునేసరికి ఒంటిగంట. ఆ నిద్రకి రెండు బెడ్‌రూముల విల్లా ఎందుకు? ఎయిర్‌పోర్టు పక్కన రెండు మామూలు గదులు తీసుకుంటే మూడు వందల డాలర్లలో అయిపోతుంది.

"అంతేనా?" అన్నాడు వాడు.

"అంతే" అన్నాను.

సొంత రిసార్టులో 11 నెలల ముందు బుక్ చేసుకునే వీలు అప్పటికే మొదలైంది. డాబా మీద నెట్ సరిగా రాలేదని కిందికి దిగి, పూజగది పక్కన నిలబడి, ఐదు రాత్రులు బుక్ చేశాడు. బావ తన ఫోల్డరులో అప్‌గ్రేడు కాగితం వెనక్కి తిప్పి, దాని ఖాళీ వైపు జూలైలో కూర్గ్‌లో ఏ తేదీలు అడగాలో రాసుకున్నారు.